గ్రీసులో సెయిలింగ్ యాచ్: మనమే నడుపుకోవాలా, స్కిప్పర్‌ని (బోటు నడిపే కెప్టెన్‌ని) పెట్టుకోవాలా?

ఏటా జనవరి ఫిబ్రవరి వచ్చేసరికి లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉండే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. ఈసారి సెలవులకి గ్రీసులో యాచ్ తీసుకుందాం, మూడు కుటుంబాలం కలిసి పోదాం, తలా ఇంత వేసుకుంటే హోటల్ ఖర్చే అవుతుంది అని. తర్వాత అసలు రగడ మొదలవుతుంది. గ్రూపులో ఒకడికి డే స్కిప్పర్ (బోటు నడపడం నేర్పే కోర్సు) సర్టిఫికెట్ ఉంటుంది, వాడు "స్కిప్పర్‌కి వారానికి పధ్నాలుగు పదిహేను వందల యూరోలు ఎందుకు తగలేయడం, నేనున్నాగా" అంటాడు, వాళ్ళావిడ మాత్రం ఏమీ మాట్లాడదు. ఆవిడ మౌనాన్ని కాస్త సీరియస్‌గా తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తా.

ముందు ఒక అపోహ తీసేద్దాం. స్కిప్పర్ ఉన్న బోటు అనగానే చాలామంది షెఫ్, తెల్ల యూనిఫాం, వెల్‌కమ్ డ్రింకు ఊహించేసుకుంటారు. అది క్రూడ్ (crewed, అంటే సిబ్బంది ఉన్న) యాచ్, దాని లెక్కే వేరు, దాని జోలికి ఇక్కడ పోవట్లేదు. మనం మాట్లాడుకునేది మామూలు నలభై అడుగుల బవారియానో బెనెటో ఓషియానిస్సో (ఇవి బోటు మోడళ్ళు). దాన్ని ఉత్తగా తీసుకుంటే బేర్‌బోట్, అదే బోటుకి ఒక మనిషిని జత చేస్తే స్కిప్పర్డ్. బోటు అద్దె రెండిటికీ ఒకటే. మామూలుగా శనివారం సాయంత్రం అయిదింటికి ఇస్తారు, తర్వాతి శుక్రవారం సాయంత్రానికి బేస్‌కి (ఎక్కిన రేవుకి) తెచ్చేయాలి, శనివారం పొద్దున తొమ్మిదికల్లా సామాను దించేయాలి. వంట మీదే, గిన్నెలు తోముకోవడం మీదే, రెండిట్లోనూ.

కాగితాల సంగతి

గ్రీసులో బేర్‌బోట్ కావాలంటే ఒక్కడికి లైసెన్స్ ఉంటే సరిపోదు. నడిపేవాడికి లైసెన్స్ ఉండాలి, తోడుగా బోటు పని తెలిసిన ఇంకో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషికి లైసెన్స్ లేకపోయినా పర్లేదు, నాకు అనుభవం ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెడితే చాలు. ఈ వెసులుబాటే మనవాళ్ళ కొంప ముంచేది, ఎందుకంటే ఆ కాగితం మీద బావమరిది చేత సంతకం పెట్టించేస్తారు, ఆయన బోటెక్కింది మహా అయితే పాపికొండల టూర్‌లో.

యూకేలో ఉండేవాళ్ళు ఎక్కువగా ఆర్‌వైఏ (అక్కడి సెయిలింగ్ సంఘం) డే స్కిప్పర్ ప్రాక్టికల్ చేసి, దాని మీద ఐసీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ తీసుకుంటారు, అయిదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. జర్మనీలో ఉంటే ఎస్‌బీఎఫ్ సీ అనే సముద్రపు బోటు లైసెన్స్, దాని పైన ఎస్‌కేఎస్ అనే సెయిలింగ్ సర్టిఫికెట్ (దీనికి పరీక్షకి ముందు 300 నాటికల్ మైళ్ళు, అంటే సముద్రపు మైళ్ళు, తిరిగినట్టు చూపించాలి). అమెరికా వాళ్ళు ఏఎస్‌ఏ (అక్కడి సెయిలింగ్ సంఘం) కోర్సులు 101, 103, 104 చేసుకుని ఐపీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ తీసుకుంటారు. క్రొయేషియాకి వెళ్తే వీటికి తోడు వీహెచ్‌ఎఫ్ రేడియో లైసెన్స్ కూడా అడుగుతారు, అది లేక మెరీనాలో (యాచ్‌ల రేవులో) ఇరుక్కుని ఆఖరి నిమిషంలో స్కిప్పర్ కోసం పరుగులు పెట్టేవాళ్ళు ఉంటారు, ఆ టైంలో దొరికే స్కిప్పర్ ఎలాంటివాడో మీరే ఊహించుకోండి. మీ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో డబ్బు కట్టకముందే స్కాన్ పంపి కంపెనీ చేత రాతపూర్వకంగా అవుననిపించుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

అసలు పరీక్ష ఇది

లైసెన్స్ ఉందా అని కాదండీ అడుక్కోవాల్సింది, నేను నీళ్ళలో పడితే బోటు వెనక్కి ఎవరు తెస్తారు అని. కూర్చుని నిజాయితీగా ఆలోచించండి. మధ్యాహ్నం మూడు గంటలు, గాలి ఇరవై నాట్లు (గంటకి ఇరవై నాటికల్ మైళ్ళు), రెండు సెయిల్స్ (తెరచాపలు) పైకున్నాయి, ఏదో తాడు చిక్కుపడిందని మీరు ముందుకెళ్ళారు, కాలు జారింది. బోటు గంటకి ఆరు నాటికల్ మైళ్ళ వేగంతో పోతోంది, అంటే నిమిషంలో దగ్గర దగ్గర రెండు వందల మీటర్లు. అలల మధ్య తలకాయ అంత దూరం నుంచి కనబడటమే కష్టం. ఇప్పుడు బోటు మీద ఉన్న వాళ్ళలో ఒకరు మీ వైపు వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా ఉండాలి, ఒకరు ఎంఓబీ బటన్ (మనిషి పడ్డ చోటుని జీపీఎస్‌లో గుర్తుపెట్టేది) నొక్కాలి, ఒకరు బోటుని గాలిలోకి తిప్పి సెయిల్స్ దించి, తాళ్ళేవీ నీళ్ళలో లేవని చూసుకుని ఇంజన్ వేసి, మీ దగ్గరికి వచ్చాక న్యూట్రల్‌లో పెట్టాలి. ఎవరు చేస్తారు? మన కుటుంబాల్లో సగం మందికి ఈతే రాదు, అది దాచుకోవాల్సిన విషయం కాదు గానీ ప్లాన్‌లో లెక్కేసుకోవాల్సిన విషయం.

గ్రీకు వాళ్ళ రూలు రెండో మనిషిని అడిగేది ఊరికే కాదు. పైన వాట్సాప్‌లో మాట్లాడని ఆవిడ ఆలోచించేది కూడా ఇదే, ఎందుకంటే ఆ రెండో మనిషి తనే అవుతుందని ఆవిడకి తెలుసు. ఆవిడ కూడా కోర్సు చేసి, చుక్కాని పట్టి, "నువ్వు పడితే నేను తెస్తా" అనగలిగితే బేర్‌బోట్ తీసుకోండి, హాయిగా ఉంటుంది. అనలేకపోతే స్కిప్పర్. నాకైతే మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఇంకోటి, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద లేజర్లూ ఆప్టిమిస్టులూ (డింగీలు, అంటే చిన్న తెరచాప పడవలు) నడిపి పెరిగినవాళ్ళు కొందరు అడుగుతుంటారు, మాకు గాలి బాగా తెలుసు కదా అని. నిజమే, అయిదు రోజుల కోర్సు చేసొచ్చిన వాడికన్నా వీళ్ళకి గాలి బాగా అర్థమవుతుంది, సెయిల్ ట్రిమ్ చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ లేజర్ హల్ (ఒట్టి పడవ దేహం) బరువు అరవై కేజీల లోపు, చేత్తో నెట్టేసి ఒడ్డున పెట్టుకోవచ్చు. నలభై అడుగుల బోటు ఎనిమిది టన్నులు ఉంటుంది, అది గట్టుకేసి వస్తుంటే కాలు అడ్డం పెట్టి ఆపుదామనుకుంటే కాలు పోతుంది. యాంకర్, ఇంజన్, చార్టు, రాత్రి నిద్ర, ఇవేవీ డింగీ నేర్పదు.

బోటు నడపడం కాదు, పార్కింగే పెద్ద పని

ఇది అర్థం కావాలంటే గ్రీకు రేవులో సాయంత్రం నాలుగింటికి ఏం జరుగుతుందో చూడాలి. అక్కడ బోటుని పక్కకి ఆనించి కట్టరు, అంత జాగా ఉండదు. వెనక భాగం గట్టు వైపు పెట్టి రివర్స్‌లో దూరాలి, ముందు నుంచి యాంకర్ దింపుకుంటూ. గట్టుకి మూడు నాలుగు బోట్ల పొడవు దూరంలో యాంకర్ వదులుతారు, లోతుని బట్టి నలభై మీటర్ల దాకా చైన్ వెళ్తుంది. రివర్స్ వేయగానే ప్రొపెల్లర్ తిరిగే తీరుకి బోటు వెనక భాగం మొదట ఒక పక్కకి లాగేస్తుంది, కాస్త వేగం అందుకున్నాకే చుక్కాని మాట వింటుంది, ఆ కాస్త వేగం అందుకునే లోపల పక్కగాలి వచ్చిందంటే ముక్కు గాలివాటుకి పడిపోతుంది. ముందు యాంకర్ రిమోట్ పట్టుకున్న మనిషి భయపడి చైన్ ఆపేశాడా, బోటు టక్కున ఆగి అడ్డం తిరుగుతుంది. ఎక్కువ వదిలేశాడా, చైన్ కుప్పగా పడి యాంకర్‌కి పట్టు దొరకదు. వెనక ఇద్దరు తాళ్ళు పట్టుకుని రెడీగా ఉండాలి, గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు తాడు ముందు గట్టుకి వెళ్ళాలి, అది తప్పి రెండోది ముందు వేస్తే బోటు పక్క బోటు మీద ఒరుగుతుంది. ఈ పక్క బోటులో ఒక జర్మన్ పెద్దాయన వైన్ గ్లాసు పక్కన పెట్టి, ఫెండర్ (బోట్లు రాసుకోకుండా అడ్డం పెట్టే మెత్త) చేత్తో పట్టుకుని మీ వంకే చూస్తుంటాడు. తాళ్ళు కట్టేశాక చైన్ బిగించి చూడాలి, అది గిటార్ తీగలా బిగుసుకుంటే యాంకర్ పట్టినట్టు, బిగించే కొద్దీ వస్తూనే ఉంటే మొత్తం మళ్ళీ మొదటి నుంచి.

అంటే చుక్కాని దగ్గర ఒకరు, యాంకర్ దగ్గర ఒకరు, తాళ్ళ దగ్గర ఇద్దరు. నలుగురికి పని. బేర్‌బోట్‌లో ఇందులో ముగ్గురికైనా ముందే నేర్పించుకుని ఉండాలి, రేవులోకి వచ్చాక అరుస్తూ నేర్పితే ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడరు. స్కిప్పర్ ఉంటే ఆయన చుక్కాని దగ్గర ఉంటాడు, మీ వాళ్ళకి ప్రశాంతంగా చెప్పి చేయిస్తాడు, గాలి మరీ ఉంటే వీళ్ళు తాడు విసరలేకపోయినా బోటుని నిలబెట్టి ఇంకోసారి చాన్స్ ఇస్తాడు.

పొద్దున ఇంకో తమాషా. హైడ్రా లాంటి చిన్న రేవులో రాత్రి మీ తర్వాత వచ్చినవాళ్ళ చైన్లు మీ చైన్ మీద పడుంటాయి. మీరు యాంకర్ లాగితే వేరేవాడి చైన్ వేలాడుతూ పైకి వస్తుంది. దాని కింద నుంచి ఒక తాడు పోనిచ్చి, రెండు కొసలూ బోటుకి బిగించి, మీ యాంకర్ కొంచెం కిందకి దింపి, బోటు వెనక్కి జరిపి, మీది విడిపించుకున్నాక తాడు ఒక కొస వదిలేయాలి. చెప్పడానికి రెండు వాక్యాలు, మొదటిసారి చేసేవాడికి అరగంట, చుట్టూ ఇంకో పది బోట్లు ఎదురుచూస్తుంటాయి. బోట్ల డిపాజిట్లు కరిగేది నడిసముద్రంలో తుఫానుకి కాదు, ఎక్కువగా ఇలాంటి రేవుల్లో, గంటకి రెండు మైళ్ళ వేగంలో.

ఎక్కడికి, ఏ నెలలో

ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది. అయోనియన్ (గ్రీసుకి పడమటి సముద్రం) వైపు, అంటే లెఫ్కాస్, మెగానీసి, ఇథాకా, కెఫలోనియా, ఇవి బేర్‌బోట్ మొదలెట్టడానికి మంచి నీళ్ళు. పొద్దున గాలే ఉండదు, మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మైస్ట్రో అనే గాలి లేస్తుంది, సాయంత్రానికి పడిపోతుంది. రోజుకి పది పదిహేను మైళ్ళు, ఎదురుగా ఎప్పుడూ ఏదో ఒక దీవి కనబడుతూనే ఉంటుంది. టావెర్నా (గ్రీకు భోజనశాల) వాళ్ళే చిన్న గట్టు కట్టుకుని, మీరొస్తుంటే కుర్రాడిని పంపి తాడు అందుకుంటారు, రాత్రి వాళ్ళ దగ్గరే తినాలి అంతే. ఒక్క ఫిస్కార్డో (కెఫలోనియాలో రేవు) లాంటి చోట్ల ఆగస్టులో మధ్యాహ్నానికే జాగా అయిపోతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరే అలవాటుండాలి, మన పిల్లలతో అది ఎంతవరకు సాధ్యమో మీకే తెలియాలి.

ఏథెన్స్ నుంచి ఎక్కే సారోనిక్, అంటే ఏజినా, పోరోస్, హైడ్రా, మధ్యరకం. దూరాలు చిన్నవే, అలీమోస్ మెరీనా నుంచి ఏజినాకి మూడు గంటల ప్రయాణం, గాలి సైక్లడీస్ (ఏజియన్ సముద్రం నడిమి దీవులు) అంత ఉండదు, కాకపోతే ఏథెన్స్ జనం వీకెండ్‌కి బోట్లేసుకుని వచ్చేస్తారు, రేవుల్లో తిరునాళ్ళే. అనుభవం కొంచెం ఉంటే చాలు, రెండో మనిషి గట్టిగా ఉంటే.

సైక్లడీస్ సంగతి వేరు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది, ఆకాశం నీలంగా మబ్బు తునక లేకుండా ఉంటుంది, గాలి మాత్రం బోఫర్ట్ స్కేలు మీద 6, 7, అంటే ఇరవై రెండు నుంచి ముప్పై మూడు నాట్లు, ఒకసారి మొదలైతే రోజుల తరబడి ఆగదు. మనవాళ్ళ అందరి లిస్టులో మొదట ఉండేవి మికనోస్, సాంటోరిని. ఏథెన్స్‌లో ఎక్కి వారంలో ఆ రెండూ చూసి రావాలంటే పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, బాగుంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖం మీద, అలలు ముక్కుకి కొడుతుంటే ఎనిమిది పది గంటలు, కింద క్యాబిన్లో సగం మంది వాంతులు, శుక్రవారం సాయంత్రానికి బోటు అప్పజెప్పాలన్న టెన్షన్ వేరే. పైగా సాంటోరిని కాల్డెరాలో (నీళ్ళు నిండిన అగ్నిపర్వతపు గుంతలో) నీళ్ళు లోతు ఎంతంటే యాంకర్ వేయడానికే కుదరదు, దక్షిణాన వ్లిఖాడాలో ఉన్న చిన్న మెరీనా ఇసుక మేట వేసుకుని లోతు తక్కువ, జాగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. సాంటోరిని చూడాలంటే ఫెర్రీ ఎక్కి వెళ్ళండి, హాయిగా. లేదు, ఆగస్టులో సైక్లడీస్‌లోనే తిరగాలి అంటే స్కిప్పర్ లేకుండా అనుకోకండి, స్కిప్పర్ ఉన్నా "ఎక్కడికి" అనేది గాలికి వదిలేయండి.

క్రొయేషియా గురించి రెండు ముక్కలు. స్ప్లిట్, హ్వార్, విస్ ఆ చుట్టుపక్కల మెరీనాల్లో చాలా చోట్ల గట్టు నుంచి నీళ్ళలోకి లేజీ లైన్లు ఉంటాయి, యాంకర్ వేయకుండా ఆ తాడు అందుకుని ముందు కట్టుకుంటే సరి, అందుకని గ్రీసు కన్నా పార్కింగ్ సులువు, రేట్లు మాత్రం ఎక్కువ. అక్కడ జాగ్రత్త పడాల్సింది బూరా, కొండల మీద నుంచి ఒక్కసారిగా దిగే ఈశాన్యపు గాలి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లోనే (యూరప్ ఉమ్మడి వీసా దేశాల్లోనే), యూరోనే, కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి అదే వీసాతో పనైపోతుంది. అన్నట్టు, కార్ఫూ నుంచి చూస్తే అల్బేనియా కొండలు చేయి చాస్తే అందేట్టు కనబడతాయి, ఒక పూట పోయొద్దాం అనిపిస్తుంది, సింగిల్ ఎంట్రీ వీసా మీద వచ్చినవాళ్ళు ఆ పని మాత్రం చేయకండి, షెంగెన్ దాటి బయటికెళ్తే తిరిగి రానివ్వరు.

డబ్బు లెక్క

స్కిప్పర్ గ్రీసులో రోజుకి రెండు వందల యూరోలు అటూ ఇటూ, ఆగస్టులో ఇంకొంచెం పైన, రెండొందల యాభై దాకా కూడా అడుగుతారు. వారానికి పధ్నాలుగు వందలు అనుకోండి, ఆయన తిండి మీదే, ఆఖర్లో టిప్పు. ఆరుగురు పెద్దవాళ్ళు పంచుకుంటే తలకి రెండొందల ముప్పై చిల్లర. ఈ అంకె ఒక్కటే చూసి బేర్‌బోట్ చవక అనేస్తారు.

అటు పక్క కూడా రాయండి మరి. నలభై అడుగుల బోటుకి డిపాజిట్ రెండు మూడు వేల యూరోలు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు (కార్డు లిమిట్ ముందే చూసుకోండి, కౌంటర్ దగ్గర డిక్లైన్ అయితే బోటు ఇవ్వరు). వెనక్కి రాని ఫీజు రెండు మూడొందలు కడితే ఆ డిపాజిట్ తగ్గించే వేవర్ ఉంటుంది, బేర్‌బోట్ అయితే అది తీసుకోమనే నా సలహా. చిన్న గీత పడితే అయిదొందలు, డింగీ ఇంజన్ నీళ్ళలో పోతే ఇంకా ఎక్కువ, అది వేవర్‌లో కవర్ కాదని చాలా కాంట్రాక్టుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నడిపేవాడికి, రెండో మనిషికి కోర్సుల ఖర్చు కూడా బేర్‌బోట్ ఖాతాలోనే రాయాలి, కాకపోతే అది ఒక్కసారి పెట్టేది, ఏటా వెళ్ళేవాళ్ళకి నాలుగో ట్రిప్పు నుంచి బేర్‌బోట్ నిజంగానే చవక. ఒక్కసారి వెళ్ళి వచ్చేవాళ్ళకి కాదు.

స్కిప్పర్ ఉంటే డిపాజిట్ ఎవరి మెడకి చుట్టుకుంటుందో మాత్రం ముందే అడగాలి. కొన్ని కంపెనీలు స్కిప్పర్ తప్పు అయితే మీ డిపాజిట్ ముట్టుకోం అంటాయి, కొన్ని ఎవరు చేసినా మీదే అంటాయి. నాకు తెలిసిన ఒక కుటుంబానికి స్కిప్పర్ గట్టుకి తగిలించిన గీతకి కూడా డిపాజిట్‌లో కోత పడింది, కాంట్రాక్ట్ చూస్తే అలాగే రాసుంది మరి.

లెక్కలోకి రాని ఖర్చు ఇంకోటి ఉంది, మంచం. నలభై అడుగుల బోటులో మామూలుగా మూడు క్యాబిన్లు. స్కిప్పర్‌కి ఒకటి ఇవ్వాలి, లేదా ఆయన హాల్లో సోఫా మీద పడుకుంటాడు, అప్పుడు రాత్రి పదకొండు దాకా పేకాట కుదరదు, ఆయన పొద్దున ఆరింటికి లేచి వాతావరణం చూసుకోవాలి. కొన్ని బోట్లకి ముక్కు భాగంలో పైనుంచి దిగే చిన్న గది ఉంటుంది స్కిప్పర్ కోసం, బుక్ చేసేటప్పుడు ఉందా అని అడగండి. బోటు కాగితాల్లో ఎనిమిది మంది అని ఉంటే స్కిప్పర్‌తో కలిపే ఎనిమిది, పసిపిల్లల్తో సహా. ఇది తెలియక ఎనిమిది టికెట్లు బుక్ చేసుకున్నాక స్కిప్పర్ కావాలంటే పెద్ద బోటుకి మారాల్సి వస్తుంది, అక్కడ ఇంకో వెయ్యి యూరోలు.

కాటమరాన్ (రెండు దేహాల జంట బోటు) అయితే ఎలా అంటారేమో. రెండు ఇంజన్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఉన్న చోటే తిరుగుతుంది, ఒరగదు, పెద్దవాళ్ళకి, పిల్లలకి బాగుంటుంది, స్కిప్పర్‌కి గది సులువుగా దొరుకుతుంది. అద్దె దాదాపు రెట్టింపు, చిన్న రేవుల్లో దాని వెడల్పుకి జాగా దొరకదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం డబ్బుంటే అదే, స్కిప్పర్‌తో.

స్కిప్పర్‌తో వారం ఎలా ఉంటుంది

మనవాళ్ళ దగ్గర ఎక్కువ చెడేది ఇక్కడే. స్కిప్పర్‌ని అద్దె ఇన్నోవాతో వచ్చే డ్రైవర్ అనుకుంటారు, ఎక్కడికంటే అక్కడికి పోనివ్వాలి, ఎంతసేపైనా వెయిట్ చేయాలి, బయట కూర్చుని తినాలి. అలా కాదు, చట్టం ప్రకారం ఆ బోటుకి మాస్టర్ ఆయన, అందరి ప్రాణాలకీ జవాబుదారీ ఆయనే, గాలి బాలేదు కదలం అంటే కదలం, అక్కడ డబ్బు కట్టింది మేము అన్న మాట పనిచేయదు. ఆ "నో" కోసమే ఆయనకి రోజుకి రెండొందలు ఇస్తున్నది అనుకోండి. అందరితో పాటు కూర్చోబెట్టి భోజనం పెట్టండి. పులిహోర, పెరుగన్నం పెడితే సంతోషంగా తింటారు చాలామంది, ఆవకాయ మాత్రం హెచ్చరించి వడ్డించండి. శాకాహారులుంటే మొదటి రోజే చెప్తే ఫావా, గిగాంటెస్, గెమిస్టా దొరికే టావెర్నాలకి తీసుకెళ్తాడు. ఆయన వంట చేయడు, మీ క్యాబిన్ ఊడవడు, ఆ పనికి కావాలంటే హోస్టెస్‌ని వేరే పెట్టుకోవాలి, ఇంకో మంచం పోతుంది.

ప్రైవసీ తగ్గుతుందన్నది నిజం. నలభై అడుగుల్లో దాక్కునే చోటు లేదు, మీరు తెలుగులో గొడవ పడ్డా గొంతులు ఆయనకి అర్థమవుతాయి. కొత్తగా పెళ్ళైన జంట ఇద్దరే వెళ్తుంటే మూడో మనిషి వారమంతా పక్కనే ఉండటం ఇబ్బందే. అలాంటివాళ్ళు సెయిలింగ్ నేర్చుకునే దాకా ఆగడమో, హోటల్లో ఉండి రోజువారీ బోటు ట్రిప్పులు చేయడమో మేలు.

స్కిప్పర్లలో రకాలున్నారు. కొందరు రోజంతా ఇంజన్ మీదే తోలేసి మధ్యాహ్నానికల్లా తమకి తెలిసిన టావెర్నా ముందు కట్టేస్తారు. కొందరు చుక్కాని మీ చేతికిచ్చి, పక్కన నిలబడి ఓపిగ్గా నేర్పిస్తారు. మీకేం కావాలో ముందే రాసి పంపండి. "మాకు ఈత, బీచ్‌లు ముఖ్యం, ఇద్దరు పిల్లలు, వాళ్ళమ్మకి సముద్రం పడదు" అని ఒక రకం, "నేను డే స్కిప్పర్ చేశాను, ప్రతి రేవులో పార్కింగ్ నేనే చేస్తాను, మీరు పక్కన ఉంటే చాలు" అని ఇంకో రకం. ఈ రెండోది చాలామందికి తట్టదు గానీ, కొత్తగా లైసెన్స్ వచ్చినవాడికి ఇంతకన్నా మంచి వాడకం లేదు.

మధ్యదారులు

ఒకటి, మొదటి రెండు రోజులకే స్కిప్పర్. శనివారం ఎక్కి, ఆది, సోమ వారాల్లో మీతో రేవుల్లోకి నాలుగైదు సార్లు దూరించి, సోమవారం సాయంత్రం ఫెర్రీ ఉన్న దీవిలో దిగిపోతాడు. ఆయన తిరుగు ఫెర్రీ టికెట్ మీదే. ముందే మాట్లాడుకోవాలి, ఆగస్టులో వారం పని వదిలేసి రెండు రోజుల పనికి ఎవరూ రారు, జూన్‌లో, సెప్టెంబర్‌లో అయితే వస్తారు.

రెండోది ఫ్లోటిల్లా. లెఫ్కాస్, కార్ఫూ వైపు ఎక్కువ. పది పన్నెండు బోట్లు ఒకే దారిలో తిరుగుతాయి, ముందు లీడ్ బోటులో స్కిప్పరూ ఇంజనీరూ ఉంటారు. పొద్దున బ్రీఫింగ్ ఇస్తారు, సాయంత్రం వాళ్ళు ముందెళ్ళి గట్టు మీద నిలబడి మీ తాళ్ళు అందుకుంటారు, యాంకర్ ఎక్కడ వదలాలో రేడియోలో చెప్తారు. మీ బోటులో మీరే ఉంటారు, మంచం పోదు. లైసెన్స్ ఉంది, రెండో మనిషి కొంచెం డౌటు అనే జంటలకి నేను ముందు చెప్పేది ఇదే. కాకపోతే నడిసముద్రంలో మీరు పడితే లీడ్ బోటు ఐదు మైళ్ళ అవతల ఉండొచ్చు, పైన చెప్పిన పరీక్ష ఇక్కడా వర్తిస్తుంది.

మూడోది, సెలవునే కోర్సుగా మార్చుకోవడం. ఇన్‌స్ట్రక్టర్ స్కిప్పర్‌గా ఉండే వారం తీసుకుని భార్యాభర్తలిద్దరూ కలిసి డే స్కిప్పరో, దానికి కింద కాంపిటెంట్ క్రూ కోర్సో చేసేయడం. మగాయన ఒక్కడే ఇంగ్లాండ్ చలిలో నేర్చుకుని వచ్చి ఆవిడకి గ్రీసు రేవులో నేర్పడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

సరే, మీకేది

మొదటిసారి, పిల్లలు, ఈత రానివాళ్ళు, పెద్దవాళ్ళు ఉంటే స్కిప్పర్, మారు మాట లేదు. ఇద్దరికి నిజమైన అనుభవం ఉండి మే, జూన్ లేదా సెప్టెంబర్‌లో అయోనియన్ అయితే బేర్‌బోట్, స్కిప్పర్ డబ్బులతో మంచి బోటు తీసుకోండి. స్నేహితులంతా పాతికేళ్ళ కుర్రాళ్ళు, ఒకడికి లైసెన్స్, మిగతావాళ్ళు బీరు తాగడానికి వస్తున్నారు అంటే కూడా స్కిప్పరే, ఎందుకంటే ఆ లైసెన్స్ ఉన్నవాడికి వారమంతా సెలవే ఉండదు, రాత్రి రెండింటికి గాలి మారితే యాంకర్ చూసుకోవడానికి లేవాల్సింది వాడే, తాగకుండా ఉండాల్సింది వాడే.

బుక్ చేసేముందు కంపెనీకి ఒకే మెయిల్లో ఇవన్నీ అడిగేయండి: బోటు తయారైన సంవత్సరం, బో త్రస్టర్ (బోటు ముక్కుని పక్కకి నెట్టే చిన్న మోటారు) ఉందా, కాగితాల ప్రకారం ఎంతమంది, స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడు, స్కిప్పర్ ఉంటే డిపాజిట్ ఎవరిది, రాత్రి ప్రయాణం మీద, ఎక్కువ గాలిలో బయల్దేరడం మీద ఏం నిబంధనలున్నాయి, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని, రెయిలింగ్‌కి నెట్ కట్టిస్తారా. బోటు ఇచ్చేటప్పుడు ఉన్న గీతలన్నీ వీడియో తీయండి, స్కిప్పర్ ఉన్నా సరే. సముద్రం పడనివాళ్ళు మాత్రలు డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయవు. ఆగస్టుకైతే మంచి స్కిప్పర్లు చలికాలంలోనే బుక్ అయిపోతారు, కంపెనీ మీకు స్కిప్పర్ పేరు, ఫోన్ నంబర్ ఇవ్వగానే ఒకసారి వీడియో కాల్ చేసి మాట్లాడండి, ఇంగ్లీష్ ఎంత వచ్చు, పిల్లలతో ఎలా ఉంటాడు, చుక్కాని మీకు ఇస్తాడా లేదా అన్నవి పది నిమిషాల్లో తెలిసిపోతాయి, నచ్చకపోతే అప్పుడే మార్చమని అడగొచ్చు.